ఆంధ్రభారతి నిఘంటు శోధన: ‘అవుట్‌కమ్’ అనే ఒక్క మెతుకు పట్టి చూశాను

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి గిన్నెంతా కలియబెట్టక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. నిఘంటువుల దగ్గర నేను చేసే పనీ అదే. పుస్తకం కొన్నా, ఫోన్లో కొత్త యాప్ దింపుకున్నా, ఎవరైనా ‘ఇది వాడి చూడండి’ అని లింకు పంపినా ముందు ఒకే మాట వెతుకుతాను. అవుట్‌కమ్. మామూలు ఇంగ్లీషు మాటే. పదో తరగతి పిల్లాణ్ణి నిద్రలేపి అడిగినా ‘ఫలితం’ అని చెప్పేసి మళ్ళీ పడుకుంటాడు. అంత తేలిగ్గా చెప్పేసే ఆ మాటే మూడేళ్ళ కిందట నా చేత ఒక రాత్రంతా జాగారం చేయించింది. అప్పట్నించీ అది నా మెతుకు.

ఈ రివ్యూ ఆంధ్రభారతి అనే వెబ్‌సైటులోని నిఘంటు శోధన గురించి. ఇప్పటికే వాడేవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఇంకా వాడనివాళ్ళ కోసం, ముఖ్యంగా నాలాగా తెలుగు రాసి పొట్టపోసుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

నాది తెనాలి. 14 ఏళ్ళుగా ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. కథలూ నవలలూ అనుకునేరు, అవి కావు. కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించేటప్పుడు, అందులో చేరేవాళ్ళ చేత సంతకం పెట్టించుకునే సమ్మతి పత్రాలుంటాయి, అవి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం చేరే మనిషికి అర్థమయ్యే భాషలోనే అన్నీ చెప్పి, కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవాలి. చదవడం రానివాళ్ళయితే ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. అందుకని ఇంగ్లీషులో 20, 25 పేజీల పత్రం నా దగ్గరకొస్తుంది. నేను తెలుగు చేస్తాను. అసలు ఇంగ్లీషు కంటితో కూడా చూడని ఇంకొకరు నా తెలుగుని మళ్ళీ ఇంగ్లీషు చేస్తారు. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు దాన్ని. ఆ రెండు ఇంగ్లీషుల్నీ పక్కపక్కన పెట్టి, తేడా కనిపించినచోటల్లా పసుపు రంగు పూసి నాకు తిప్పి పంపుతారు. పెళ్ళిచూపుల్లో కూడా నేను అంత భయపడలేదు గానీ, ఆ పసుపు రంగు చూస్తే మాత్రం ఇప్పటికీ గుండె జారుతుంది.

మూడేళ్ళ కిందట అలా వచ్చింది ఒక షుగరు మందు ట్రయల్. 22 పేజీలు. అందులో ఒకే పేజీలో మూడు మాటలు పడ్డాయి. రక్తపరీక్షల రిజల్ట్స్ మీకు చెబుతామని ఒకచోట. ఈ స్టడీకి ప్రైమరీ అవుట్‌కమ్ ఇదీ అని ఇంకోచోట. మధ్యలో మానుకుంటే దాని కాన్సిక్వెన్సెస్ ఏమిటో వివరిస్తామని అడుగున. నేను మూడింటికీ ‘ఫలితం’, ‘ఫలితాలు’ అని రాసేసి హాయిగా పడుకున్నాను. వారం తర్వాత ఫైలు వెనక్కొచ్చింది, పేజీ పేజీకీ పసుపు రాసుకుని, పెళ్ళికూతురులాగా. అవతలి మనిషి మూడింటినీ ‘రిజల్ట్’ అనే చేసింది. ఆవిడ తప్పేముంది పాపం, నా తెలుగులో ఉన్నది అదే. చివరికి ‘మీరు మానుకుంటే దాని రిజల్ట్స్ మీకు తెలియజేస్తాం’ అని తయారైంది. మానుకున్నవాళ్ళకి కూడా మార్కులేస్తారేమో అన్నట్టుంది వాక్యం.

ఆ రాత్రే మొదటిసారి ఆంధ్రభారతిలో కుదురుగా కూర్చున్నాను. అంతకుముందు ఏ పద్యంలోనో మాట తెలియక ఒకటి రెండుసార్లు తొంగి చూసినదాన్నే, పని కోసం ఎప్పుడూ తెరవలేదు.

హంగులేం లేని పేజీ. పెట్టెలో మాట కొట్టాలి. తెలుగులో కొట్టినా తీసుకుంటుంది, ఇంగ్లీషులో కొట్టినా తీసుకుంటుంది. పైసా కట్టక్కర్లేదు. మాట కొట్టగానే కింద నిఘంటువులు ఒకదాని తర్వాత ఒకటి వరుసకడతాయి. 1852లో మద్రాసులో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఉంది. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి 1885 నాటి శబ్దరత్నాకరం ఉంది. పిఠాపురం రాజావారి పేరు మీద వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఉంది. శంకరనారాయణ గారి ఇంగ్లీషు తెలుగు నిఘంటువు, వావిళ్ళవారిది, పత్రికాభాషా నిఘంటువు, 1991లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేసిన గ్విన్ దొరది, ఇంకా చాలా ఉన్నాయి. వీటన్నిటినీ పుస్తకాలుగా కొనుక్కోవాలంటే నాకు ఇంకో బీరువా కావాలి, దానికి చోటు కావాలి, అన్నిటికన్నా ముందు మా ఆయన ఒప్పుకోవాలి.

కొత్తగా వచ్చేవాళ్ళు చేసే పొరపాటు నేనూ చేశాను. ఇంగ్లీషు మాట కొట్టి, వచ్చిన మొదటి తెలుగు మాట పట్టుకుని పరిగెత్తాను. ఇంగ్లీషు వైపు నుంచి వెళితే ఏ నిఘంటువైనా ఫలితం, పర్యవసానం, పరిణామం, ఈ మూడు స్తంభాల చుట్టూనే తిప్పుతుంది. ఆంధ్రభారతి అసలు సత్తా తెలియాలంటే వెనక్కి తిరగాలి. ఆ మూడు తెలుగు మాటల్నీ ఒక్కొక్కటిగా కొట్టి, వందేళ్ళ కిందటివాళ్ళు వాటికి ఏం చెప్పారో, నిన్నమొన్నటివాళ్ళు ఏం చెప్పారో ఒకే తెర మీద చదవాలి. అప్పుడు మాట లోపల ఏముందో కనిపిస్తుంది.

ఫలితం సంగతే చూడండి. ఫలం అంటే పండు, ఫలితమంటే కాసింది. సఫలం, విఫలం, నిష్ఫలం, ఫలసాయం, వ్రతకథ చివర ఫలశ్రుతి, ఆదివారం పేపర్లో వారఫలాలు, అన్నీ ఆ చెట్టువే. అందుకే ఈ మాట ఒట్టిగా ఉంటే మంచి వైపే మొగ్గుతుంది. ‘ఆ డాక్టరు దగ్గర ఫలితం కనిపించింది’ అంటే నయమైందనే అర్థం, ముదిరిందని ఎవరూ అనుకోరు. ‘ఎన్ని తిరిగినా ఫలితం లేదు’ అంటే మంచి జరగలేదని. చెడు చెప్పాలంటే దానికి దుష్ అని తగిలించి దుష్ఫలితం చెయ్యాలి, లేదా పక్కన ‘అనుభవించు’ని నిలబెట్టాలి. ‘చేసినదాని ఫలితం అనుభవిస్తున్నాడు’ అంటే మాత్రం అది పండు కాదని అందరికీ తెలుసు.

ఇంగ్లీషు అవుట్‌కమ్‌కి ఈ మొగ్గు లేదు. మంచో చెడో, బయటికి వచ్చింది వచ్చినట్టు. నా పత్రాల్లో ఇది చిన్న తేడా కాదండీ. మందు పనిచేస్తుందో లేదో తెలియకే కదా ట్రయల్ పెట్టింది! ‘ఈ మందు ఫలితం 6 నెలల తర్వాత తెలుస్తుంది’ అని నేను రాస్తే, చదివే పెద్దాయన దాన్ని ‘6 నెలల్లో తగ్గుతుందట’ అని పట్టుకుని వెళ్ళిపోతాడు. లేని ఆశ పెట్టినదాన్ని నేనవుతాను.

ఇక బహువచనం. ‘ఫలితాలు’ అనగానే తెలుగువాడికి రెండే గుర్తొస్తాయి, పదో తరగతివి, ఎన్నికలవి. ఫలితాలు విడుదలవుతాయి. ఫలితం విడుదల కాదు, దక్కుతుంది, దక్కకపోతుంది. ఒక్క ‘లు’ చేరితే ఇంత తేడా వస్తుందని ఏ నిఘంటువూ వేరే పద్దు పెట్టి చెప్పదు. రెండు రూపాలూ ముందు పెట్టుకుని చదివేవాళ్ళే తెలుసుకోవాలి.

పర్యవసానం దగ్గర నాకు చిన్నపాటి జ్ఞానోదయం అయింది. పరి, అవసానం. అవసానమంటే ముగింపు. అవసాన దశ అన్నా, అవసాన కాలం అన్నా మనకి తెలిసిన అర్థం ఏమిటి? ఆ మాటని తీసుకెళ్ళి, ఆస్పత్రి మంచం మీద కూర్చుని సంతకం పెట్టబోతున్న మనిషి ముందు పెట్టాను నేను, అంతకుముందు ఎన్నో పత్రాల్లో. ‘మీరు వైదొలగినచో కలుగు పర్యవసానములు’ అని. చదివినవాళ్ళలో ఎంతమంది ‘అమ్మో, మానుకుంటే చస్తామేమో’ అనుకుని ఉంటారో! నిజానికి ఆ వాక్యం ఉన్నదే ఎప్పుడైనా మానుకోవచ్చు, మీ వైద్యానికి లోటు రాదు అని ధైర్యం చెప్పడానికి. పేపర్లో ‘తీవ్ర పర్యవసానాలు తప్పవని హెచ్చరించారు’ అని చదివీ చదివీ ఆ మాటకి ఎప్పుడో కోరలు వచ్చాయి. ఉత్త అర్థం చూస్తే ఆ మాట అక్కడ అతుకుతుంది, చెవికి వినిపించే తీరు చూస్తే అతకదు.

పరిణామం ఇంకో తగాదా. హిందీలో అది రిజల్టే. పరీక్షా పరిణామ్ అంటారు వాళ్ళు. తెలుగులో పరిణామమంటే ముందుగా గుర్తొచ్చేది మార్పు, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి రావడం. డార్విన్‌ది పరిణామ సిద్ధాంతం. టీవీలో రాజకీయ పరిణామాలు వేగంగా మారుతుంటాయి. ఒకసారి ఢిల్లీ వైపు నుంచి ఒక కోఆర్డినేటరు ఫోన్ చేసి, ‘మేడమ్, అన్ని భాషల్లో ఒకే మాట ఉంటే బాగుంటుంది, హిందీలో పరిణామ్ వాడాం, మీరూ అదే పెట్టండి, తెలుగులోనూ ఉంది కదా’ అన్నారు. ఉంది సార్, ఉంది గానీ అర్థం వేరు అని ముప్పావుగంట చెప్పాను. వినలేదు. అప్పుడు ఆంధ్రభారతిలో ఆ మాట పేజీని స్క్రీన్‌షాట్ తీసి పంపించాను. నా మాటకి లేని విలువ అచ్చు పుస్తకానికి ఉంటుంది, అందులోనూ నాలుగు నిఘంటువులు కలిసి సాక్ష్యం చెబితే ఎవరు కాదంటారు? మర్నాడు ఒక్క ముక్కలో జవాబొచ్చింది, ఓకే అని. ఈ సేవకి నేను 5 నక్షత్రాలు ఇవ్వడానికి ఆ ‘ఓకే’ ఒక్కటి చాలు.

మధ్యలో ఒక పిడకల వేట. ఆ రాత్రి నిద్రమత్తులో ‘ఫలితం’ బదులు ‘పలితం’ అని కొట్టాను. తప్పు మాటే కదా, ఏమీ రాదనుకుంటే అర్థం వచ్చింది. ముసలితనంతో జుట్టు నెరవడమట! సంస్కృతంలో అది వేరే మాట. మా వీధిలో సగంమంది ఫలితాన్ని పలితమనే అంటారు. ఏళ్ళ తరబడి కష్టపడితే దక్కిన పలితం అంటే ఏమిటో అద్దంలో చూసుకుంటే అర్థమైంది నాకు.

మిగతావాటి గురించి కూడా చెప్పాలి, లేకపోతే పోల్చినట్టు ఉండదు. నా దగ్గర ఒక లావుపాటి ఇంగ్లీష్ ఇంగ్లీష్ తెలుగు డిక్షనరీ ఉంది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల్లో 180 రూపాయలకి బేరమాడి తెచ్చుకున్నాను. పేరెందుకు గానీ, అట్ట గట్టిది, లోపల కుట్టు మాత్రం ‘ఎస్’ అక్షరం దాకా వచ్చేసరికి విడిపోయింది. అందులో రిజల్ట్, అవుట్‌కమ్, ఎఫెక్ట్, కాన్సిక్వెన్స్ నాలుగూ వెతికి చూశాను. నాలుగిళ్ళకీ ఒకే తాళంచెవి: ఫలితము. పిల్లల హోంవర్కుకి పనికొస్తుంది. ఇప్పుడది మా వంటింట్లో అటక మీది డబ్బాలు అందుకోవడానికి పీట కింద ఎత్తు.

ఫోన్లో అనువాదం చేసే యాప్ ఒకటి కూడా వాడి చూశాను, దాని పేరూ చెప్పను. మామూలు ఉత్తరాలు బాగానే చేస్తుంది, అబద్ధం చెప్పకూడదు. కానీ ట్రయల్ పత్రాల్లో ఒక వాక్యం ఉంటుంది. స్టడీలో ఉండగా ఎవరైనా ఆడమనిషి గర్భవతి అయితే, మందు ఆపేసి, ఆ ప్రెగ్నెన్సీ అవుట్‌కమ్ తెలిసేదాకా డాక్టర్లు కనిపెట్టుకుని ఉంటారు అని. ఆ యాప్ దాన్ని ‘గర్భధారణ ఫలితం వచ్చేవరకు’ అని రాసి ఇచ్చింది. కిట్‌లో రెండు గీతలు పడేదాకా అన్నట్టుంది! అసలు చెప్పదలుచుకున్నది 9 నెలల సంగతి. గర్భం నిలవొచ్చు, నిలవకపోవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ బతకొచ్చు, దక్కకపోవచ్చు. ఇంగ్లీషువాడు ఇన్నిటినీ ఒక్క మాటలో మూటకట్టి పక్కన పెట్టాడు. మన దగ్గర ‘తల్లీబిడ్డా క్షేమం’ అనే మాట ఉంది, కానీ అందులో మంచి ఒక్కటే ఉంది. చాలాసేపు కొట్టుకున్నాక నేను రాసింది ఇదీ: ‘గర్భం నిలిచిందా, కాన్పు ఎలా జరిగింది, బిడ్డ ఎలా ఉంది అన్నది తెలిసేవరకు డాక్టర్లు మిమ్మల్ని కనుక్కుంటూ ఉంటారు.’ ఒక్క మాటకి తొమ్మిది మాటలయ్యాయి. నాకు మాటల లెక్కన డబ్బులిస్తారు గానీ, లెక్కపెట్టేది ఇంగ్లీషు మాటల్ని. కాబట్టి లాభమేం లేదు.

ఇంతకీ ఆ షుగరు మందు పత్రం ఏమైందో చెప్పలేదు. తెల్లవారుజామున 4 గంటలకి కూడా నా కాగితం మీద ప్రైమరీ అవుట్‌కమ్ ఎదురుగా ఏమీ లేదు. మా అత్తగారు లేచారు. ఆవిడకి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, తెల్లారకుండానే లేచి హాల్లో నాలుగు అడుగులు వేస్తారు. నన్ను చూసి, ‘ఇంకా పడుకోలేదటే అమ్మాయ్?’ అన్నారు. కాఫీ పెట్టి ఇచ్చి, ఏదో మాటకి మాటగా, ‘కొత్త మాత్రలు ఎలా ఉన్నాయి అత్తయ్యా?’ అని అడిగాను.

‘ఏముందే, పది రోజుల్నించీ మింగుతున్నా. గుణం కనపడలా.’

గుణం! చిన్నప్పట్నించీ వింటున్నదే. మందు గుణమిచ్చింది, కషాయం తాగితే గుణం కనిపించింది, ఆయన చెయ్యి గుణం మంచిది. అయినా అవుట్‌కమ్ అనే మాట ఎదురుగా పెట్టుకుని ఆరు గంటలు కూర్చున్నా నాకు తట్టలేదు. వెంటనే ఆంధ్రభారతిలో గుణం కొట్టాను. వింటినారి దగ్గర్నుంచి సత్త్వరజస్తమస్సుల దాకా అర్థాలు చదువుకుంటూ పోవాల్సి వచ్చింది, తెల్లారింది. ఇక్కడే ఈ సేవ ఎంతవరకో అర్థమైంది. మన నోట్లో మాట ఉంటే దాని వంశవృక్షం మొత్తం చెబుతుంది. నోట్లో లేని మాటని తెచ్చి పెట్టలేదు. దానికి అత్తగారు ఉండాలి.

చివరికి గుణం కూడా వాడలేదు నేను. అది కూడా ఫలితం లాగే మంచి వైపు వాలే మాట. కానీ అది దారి చూపించింది. మన జనం ఈ సంగతిని నామవాచకంగా చెప్పరు, క్రియగా చెబుతారు. ఏమైంది? ఏం తేలింది? తగ్గిందా? పని అయిందా? దానివల్ల ఒరిగిందేమిటి? పంచాయతీలో గంటసేపు అరుచుకున్నాక ఇంటికొచ్చిన మనిషిని పెళ్ళాం ‘ఫలితమేమి?’ అని అడగదు, ‘ఏం తేల్చారు?’ అంటుంది. ఇంగ్లీషు మాట కూడా నిజానికి ఇలా పుట్టిందే, బయటికి వచ్చింది అని. ఈ అర్థంలో అది స్కాట్లాండ్ వాళ్ళ వాడుక, 1830ల్లో కార్లైల్ అనే రచయిత రాతల వల్ల ఇంగ్లండులో వ్యాపించిందంటారు. ఇంచుమించు ఆ కాలంలోనే బ్రౌన్ పండితుల్ని పెట్టుకుని తన నిఘంటువు కూర్పిస్తున్నాడు. అంటే ఆ పెద్దాయనకి కూడా అది కొత్త మాటే అయ్యుంటుంది. అలాంటప్పుడు ఇవాళ్టి ఆస్పత్రి భాషకి ఆయన్ని పట్టుకుని నిలదీయడం న్యాయం కాదు కదా.

ఆ పేజీని మళ్ళీ మొదట్నించి రాశాను. రక్తపరీక్షల రిజల్ట్స్ దగ్గర ‘మీ రిపోర్టులు మీకు ఇస్తాం’ అని పెట్టాను. ఆస్పత్రి మెట్లెక్కిన ప్రతివాళ్ళూ అనేది అదే, ‘రిపోర్టులు వచ్చాయా?’ అని. పరీక్షా ఫలితాలు అంటే మళ్ళీ పదో తరగతి గుర్తొస్తుంది. మానుకుంటే కాన్సిక్వెన్సెస్ దగ్గర ‘మధ్యలో మానుకుంటే ఏమవుతుంది?’ అని ప్రశ్నలాగా పెట్టి, కింద జవాబు రాశాను. ప్రైమరీ అవుట్‌కమ్ దగ్గర ‘ఈ అధ్యయనంలో మేం ముఖ్యంగా చూసేది: 6 నెలల తర్వాత మీ మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) ఎంత ఉంది, తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా’ అని రాశాను. పెరిగిందా అనే మాట కావాలనే పెట్టాను. ఆ అవకాశం కూడా ఉందని చదివేవాళ్ళకి తెలియాలి.

రెండోసారి పసుపు రెండే రెండు చోట్ల వచ్చింది. రెండూ కామాలు.

ఈ తంటా నా ఒక్కదానిదే కాదు. కేంద్రంలో బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2017లో లెర్నింగ్ అవుట్‌కమ్స్ అని పత్రం తెచ్చాక, మన బడుల్లో అది ‘అభ్యసన ఫలితాలు’ అయింది. మా పక్కింటి పాప బడిలో తల్లిదండ్రుల మీటింగుకి వాళ్ళమ్మకి కుదరక నేను వెళ్ళాను. మాస్టారు పాపం ఎంతో ఓపిగ్గా అభ్యసన ఫలితాల గురించి చెబుతున్నారు. వెనకనించి ఒకాయన, ‘మా వాడికి ఎన్నొచ్చాయండీ?’ అన్నాడు. ఫలితాలన్నారు కదా మరి, మార్కులడిగాడు. మాస్టారు చెప్పదలుచుకున్నది పిల్లాడికి ఏం వచ్చింది అని. రెండంకెల తీసివేత వచ్చిందా, పేరా చదివి అర్థం చేసుకోవడం వచ్చిందా. ‘మీ వాడికి ఏమేం వచ్చు’ అంటే అయిపోయేది. ‘వచ్చు’ అనే మాట ఎంత బంగారం! ఈత వచ్చు, వంట వచ్చు, లెక్కలు వచ్చు. లెర్నింగ్ అవుట్‌కమ్ అంటే అదే కదా?

సర్కారు లెక్కల్లోనూ ఉంది ఈ మాట. కేంద్రంలో చిదంబరం గారు ఆర్థికమంత్రిగా ఉండగా 2005లో అవుట్‌కమ్ బడ్జెట్ అని మొదలుపెట్టారు. ఎంత ఖర్చుపెట్టాం, ఎన్ని కట్టాం అని చెబితే చాలదు, దానివల్ల జనానికి ఏం జరిగిందో చెప్పాలని. బోరు వేస్తే అది అవుట్‌పుట్. బోర్లో నీళ్ళు పడి, ఆడవాళ్ళు బిందెలు మోయడం తప్పితే అది అవుట్‌కమ్. స్వచ్ఛంద సంస్థల రిపోర్టులు చేసేటప్పుడు ఈ రెండూ పక్కపక్కనే గళ్ళల్లో ఉంటాయి. నేను ఒక గడికి ‘చేసిన పని’, రెండో గడికి ‘దానివల్ల ఒరిగింది’ అని పెట్టాను ఒకసారి. వాళ్ళు ‘ఒరిగింది’ కాస్త వెటకారంగా ఉందన్నారు. నిజమే, ‘నీవల్ల నాకు ఒరిగిందేమిటి’ అని దెప్పడానికే ఎక్కువ వాడతాం. ‘వచ్చిన మార్పు’ అని దిద్దాను. కానీ నా మనసులో ఇప్పటికీ అది ఒరిగిందే.

ఇక వాడాలనుకునేవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు. పాత నిఘంటువుల్లో సం., వి., విణ. అని పొట్టి అక్షరాలుంటాయి, సంస్కృతం, విశేష్యం, విశేషణం అని. మొదట్లో కంగారు పెడతాయి, వారంలో అలవాటైపోతాయి. అక్కడ దొరికిన మాటని ‘ము’తో సహా ఎత్తి మీ వాక్యంలో అతికించకండి, కొత్త చొక్కాకి పాత జేబు కుట్టినట్టుంటుంది. ఇవాళ్టి మాట కావాలంటే నేను ముందు గ్విన్ దగ్గర ఆగుతాను. ఆయన ఇక్కడ బ్రిటిష్ కాలపు ఐసీఎస్ అధికారిగా పనిచేసినవాడు, భద్రిరాజు కృష్ణమూర్తి గారితో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం రాసినవాడు. నిఘంటువులోనూ వాడుక తెలుగు మీదే ఆయన దృష్టి. తర్వాత పత్రికాభాషా నిఘంటువు. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం మాట పుట్టుక తెలుసుకోవడానికి, ఎవరితోనైనా వాదం పెట్టుకోవడానికి. దీనిలో నాకు సరిగ్గా దొరకనిది జనం నోట్లో ఉండే ఆస్పత్రి తెలుగు, బ్యాంకు తెలుగు, ఆఫీసు తెలుగు. ఆ కొరత ఈ పేజీ నడిపేవాళ్ళది అనుకోకూడదు. పుస్తకాల్లోకి ఎక్కని మాటల్ని ఎక్కడినుంచి తెచ్చి పెడతారు వాళ్ళు?

నిన్న ఇంకో ఫైలు వచ్చింది. 31 పేజీలు, ఊపిరితిత్తుల జబ్బుది. మొదటి పేజీలోనే ‘ఎండ్‌పాయింట్’ అని ఉంది, దాని పక్కన ‘అవుట్‌కమ్ మెజర్’ అని ఇంకోటి. ఆంధ్రభారతి తెరిచే పెట్టుకున్నాను. మా అత్తగారు చీరాలలో మా మరిది ఇంటికి వెళ్ళారు. ఆదివారానికి గానీ రారు.